రోమ్ నుంచి అలిగి వచ్చిన ఆడపడుచు

ఈ ప్రయాణానికి మొదటి కారణం మా జాకబ్ నోరు. రెండో కారణం నా నోరు. రెండింట్లో పెద్దది రెండోదే.

గూడూరులో పొద్దున్నే నడకకు వచ్చే ముసలివాళ్లం కొందరం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. శనాదివారాలకు స్వాగతంగా ప్రతి శుక్రవారం సాయంత్రం అందులో నేనొక వింత రాస్తాను. పూర్వం రోమ్ వాళ్లకు వారమంటే ఎనిమిది రోజులని, మన నెల్లూరు పక్కనే ఎప్పుడో ఒక రైతు నాగలికి రోమ్ బంగారు కాసులు తగిలాయని, ఇలాంటివి. వేలమంది చదువుతారు. అంటే, గ్రూపులో ఉన్నది ఇరవై మంది లోపే. అందులోనూ సగం మంది చదవకుండానే దండం బొమ్మ పెట్టేస్తారు.

మొన్న జూన్‌లో ఒక శుక్రవారం, నేను వింత కోసం వెతుక్కుంటుంటే ఎవరో ఒక ఫోటో పంపారు. ఇసుకలో నిలబెట్టిన తల లేని అమ్మవారు. పసుపు చీర, కుంకుమ, మెడలో వేపాకు దండ, నడుము మీద రెండు చేతులు. మైపాడు దిక్కున సముద్రంలో వలకు తగిలిందట, పదిమందికి పంపితే మేలు జరుగుతుందట. చీర ఒక పక్క కాస్త జారింది. ఆ సందులోంచి చూస్తే అది చెయ్యి కాదు, పిడి. అట్లాంటి బొమ్మ నేను గ్రంథాలయంలో పుస్తకంలో చూశాను. రెండు వేల ఏళ్ల కిందట రోమ్ ఓడల్లో సరుకు పోసి తెచ్చిన మట్టి జాడీ. మెడకు అటూ ఇటూ రెండు పిడులు, అడుగున మొన. తల లేకపోవడానికి కారణం, దానికెప్పుడూ తల లేదు.

‘ఇది రోమ్ జాడీ. ఈ సంగతి అధికారంగా చెప్పగలవాళ్లం దేశంలో ముగ్గురమే ఉన్నాం’ అని గ్రూపులో రాశాను.

‘మిగతా ఇద్దరెవరు?’ అని జాకబ్ రాశాడు. ‘నువ్వు ఫ్యాను కోసం గ్రంథాలయానికి పోయి బొమ్మలు చూసిన మనిషివి. ఒక్కటైనా కళ్లారా చూసొచ్చి రాయి రమణయ్యా.’

జాకబ్ తపాలా శాఖలో పనిచేసి రిటైరైనాడు. మా వీధి చర్చిలో సంఘపెద్ద. అబద్ధమాడడు, నా పక్కన నడిచే అర్హత ఇంకేదీ లేదతనికి. నేను గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో కమిషన్ వ్యాపారం చేసినవాణ్ణి. కాయను చేత్తో పట్టుకోకుండానే రకం చెప్పేవాణ్ణి. పట్టుకుని చెప్పేవాణ్ణి అనుకోండి.

శనివారం పొద్దున ఆరున్నర ప్రాంతంలో గూడూరులో ప్యాసింజరు ఎక్కాం. సీట్లు దొరికాయి. నిమ్మకాయ బస్తా మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఒకామె, ‘ఎందాకా సామీ?’ అంది. ‘రోమ్ పనిమీద పోతున్నాం’ అన్నాను. ‘మనుబోల్లో ఆగద్దా?’ అంది. అక్కడ ఆమె దిగాలట. ఆగుతుందని చెప్పాక నా రోమ్ గురించి ఇంకేమీ అడగలేదు.

నెల్లూరు చేరేసరికి ఎనిమిది కావస్తోంది. స్టేషను బయట కారం దోసె తిన్నాం. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక మాట: ఆ దోసె తిన్న వెంటనే ఎవరితోనూ వాదన పెట్టుకోకండి, కళ్లలో నీళ్లు చూసి ఓడిపోయారనుకుంటారు. నేను నాలుగు తిన్నాను. జాకబ్ ఇది చదువుతాడు కాబట్టి, రెండు.

పెద్ద బస్టాండులో మైపాడు బస్సు తొమ్మిదికి దొరికింది. మా ముందు సీట్లో ఒకామె ఖాళీ చేపల తట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. యాభై ఏళ్లుంటాయి. తట్టలో ఒక పసుపు చీర, పూలు, కాగితం సంచిలో నిమ్మకాయలు. అలవాటు కొద్దీ ఒక కాయ తీసి నొక్కి చూసి, ‘అమ్మా, నిన్ను మోసం చేశారు. ఇవి చెట్టు నుంచి రాలిన కాయలు, కోసినవి కావు’ అన్నాను.

‘అమ్మకి ఎయ్యడానికే లేన్నా. ఆమె రసం తీసుకుంటాదా?’ అంది. ‘ఎందాక పోతా ఉండారు?’

పేరు మస్తానమ్మ. హిందువుల ఇంట ఆ పేరేమిటని బయటివాళ్లు అడుగుతారు. కసుమూరు మస్తాన్ దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు మా జిల్లాలో మస్తాన్ పేరు కలుపుతారు. మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్ రెడ్డి అన్నీ ఉన్నాయి. శుక్రవారం వింతగా అది ఎప్పుడో రాసేశాను.

ఫోటోలోని జాడీ చూడబోతున్నామని చెబితే తెలిసింది, అది దొరికింది మస్తానమ్మ మొగుడు సుబ్బయ్య వలలోనే. ఈ మాట వినగానే నేను ఆగలేకపోయాను. రోమ్ ఓడలు ఎట్లా వచ్చేవో, ఆ జాడీల్లో ద్రాక్షసారా, నూనె ఎట్లా తెచ్చేవారో చెప్పాను. చేపలను ఉప్పులో ఊరబెట్టి, ఎండలో పెట్టి పిండిన పులుసు కూడా తెచ్చేవారని చెప్పాను.

మస్తానమ్మ వెనక్కి పూర్తిగా తిరిగింది. ‘చేపల పులుసా? నెల్లూరికి చేపల పులుసు అమ్ముకోడానికి వచ్చినారా? మునగదా మరి ఓడ!’

బస్సులో చాలామంది నవ్వారు. నవ్వు వినబడితే నాకు పూనకం వస్తుంది. ‘రోమ్ వాళ్లు మంచివాళ్లమ్మా. నేను పోయినప్పుడు నన్ను సొంత ఇంటిమనిషిలా చూసుకున్నారు. రాకపోకలు ఇప్పటికీ ఉన్నాయి’ అన్నాను. జాకబ్ కిటికీలోంచి ఇందుకూరుపేట పొలాలను చాలా శ్రద్ధగా చూడసాగాడు. నేను దాటిన సముద్రాల సంఖ్య సున్నా. ఉత్తరాన విజయవాడ, దక్షిణాన మద్రాసు, ఈ రెండింటి మధ్యే నా భూగోళం.

‘అంటే మీరు వాళ్లకి బంధువులే గదా?’ అంది మస్తానమ్మ.

‘బంధువులాంటివాణ్ణే’ అన్నాను.

ఆమె ఆ మాటను కొంగున ముడేసుకుంది. నాకప్పుడు తెలియలేదు.

దిగబోయే ముందు అసలు సంగతి చెప్పింది. సముద్రంలో రెండు నెలల వేట నిషేధం ఈ మధ్యే అయిపోయింది. ఊరంతా అప్పుసప్పులతో, ఎండుచేపలతో ఆ రెండు నెలలు నెట్టుకొచ్చింది. నిషేధం ఎత్తేసిన మొదటి రోజు పడవలు పోయాయి. సుబ్బయ్య వలలో చేపలకు బదులు ఈమె వచ్చింది. వెంటనే ఊరి పెద్దకాపు పెంచలయ్య దురాయి వేశాడు. దురాయి అంటే ఈ పాళేలలో ఊరి ఆజ్ఞ. అది ఉన్నంతకాలం ఒక్క పడవా నీళ్లలోకి దిగదు. దిగితే ఆ ఇంటికి నిప్పు, నీళ్లు, మాట అన్నీ బంద్.

‘దేవత దొరికితే వేట ఎందుకు మానాలి?’ అన్నాడు జాకబ్.

‘దేవతయితే గుడి కట్టుకుని పోతాం గదన్నా. పెద్దకాపు ఏమన్నాడంటే, నడుం మీద చేతులు పెట్టుకోని ఉండాది, ఇది అలిగి వచ్చిన ఆడబిడ్డ అన్నాడు. ఎవురింటి ఆడబిడ్డయినా అలిగి మా ఊరికి వస్తే ఆమె తరపోళ్లు వచ్చి పిలుచుకుపొయ్యేదాకా మా మగోళ్లు సముద్రం మీదికి పోరు. తాతల నాటి కట్టుబాటు. ఇప్పుడు ఈమె తరపోళ్లని యాడ తెచ్చేది? వంజరం చేప వచ్చే రోజులు. పక్క పాళెం వాళ్లు బుట్టలు బుట్టలు ఎత్తుతా ఉండారు. రేపు ఆదివారం. ఈ ఆదివారం కూడా ఖాళీ తట్టతో ఉంటే ఇంజనుకి డీజిలు పోసేవాడు కూడా నమ్మడు మమ్మల్ని.’

‘పాపం’ అన్నాను.

‘పాపం గాదు. నువ్వు వచ్చినావు గదా’ అంది మస్తానమ్మ.

ఊరి పేరు రాయనని పెద్దకాపుకు మాటిచ్చాను. మైపాడుకు ఇటో అటో జాలర్లుండే ఒక పట్టపుపాళెం అనుకోండి. రోడ్డు మీద బస్సు దిగి, ఆటోలో సరుగుడు తోపుల మధ్యగా పోవాలి. బస చేయడానికి తుఫాను షెల్టరు తప్ప ఏమీ లేదు, అందులోనూ మేకలు ముందే దిగి ఉంటాయి.

మస్తానమ్మ ఆటో దిగుతూనే ఇసుక మీద నిలబడి అరిచింది. ‘వొమ్మో, రోమ్ నుంచి అన్న వచ్చినాడో! ఆడబిడ్డ అన్న వచ్చినాడో!’

పడవలు ఒడ్డున వరసగా బోర్లించినట్టు పడి ఉన్నాయి. వాటిని నీళ్లలోకి లాగే ట్రాక్టరు కింద డ్రైవరు నిద్రపోతున్నాడు. ఆ కేకకు అతను లేచి తల ఇనుముకు కొట్టుకున్నాడు. గుడిసెల్లోంచి, వలలు కుట్టే పందిళ్లలోంచి జనం పరుగున వచ్చారు. వెయ్యిమంది. నూరు మంది ఉంటారు. నా చేతులు పట్టుకున్నారు, నా సంచి తీసుకున్నారు, ఎవరో నా కాళ్ల మీద నీళ్లు పోశారు. ఇంతటి గౌరవం నా పెళ్లిలో కూడా దక్కలేదు. ఆ సమయంలో నేను నిజం చెప్పవలసింది. నీళ్లు చల్లగా ఉన్నాయి, చెప్పలేదు.

పందిట్లో ఆమె ఉంది. ఫోటోలో కంటే పొడుగు. మొనదేలిన అడుగు ఇసుకలో గుచ్చి నిలబెట్టారు. ఒంటినిండా సముద్రపు గుల్లలు అతుక్కుని, కుంకుమలో మెరుస్తున్నాయి. నేను పుస్తకంలో చూసిన బొమ్మలకు వాసన లేదు. దీనికి సముద్రపు వాసన, పసుపు వాసన. ఒక కుమ్మరి రెండు వేల ఏళ్ల కిందట తడి మట్టిలో పిడి అతికిస్తూ బొటనవేలితో నొక్కిన గుంట అట్లాగే ఉంది. నా వేలు అందులో సరిగ్గా పట్టింది. కాసేపు నేను ఏ గొప్పా చెప్పుకోలేదు. జాకబ్ దీనికి సాక్షి.

‘తల లేదు కదమ్మా ఈమెకు?’ అని మాత్రం పక్కనున్న పళ్లు లేని అవ్వను అడిగాను.

‘తలకాయ ఉన్నదెవురన్నా ఇల్లొదిలి సముద్రంలో దూకుతాదా నాయనా?’ అంది అవ్వ.

పెద్దకాపు పెంచలయ్య వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, భుజం మీద తెల్ల తువ్వాలుతో ఉన్నాడు. నవ్వే మనిషి కాదు. నన్ను ఎగాదిగా చూసి జాకబ్ వైపు తిరిగాడు. ‘మీరు చూస్తే నిజం చెప్పే మనిషిలాగుండారు. ఈయన రోమ్ తరపు మనిషేనా?’

నా ప్రాణం జాకబ్ నాలుక మీద ఉంది. జాకబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

‘రోమ్ సంగతి ఆర్‌సీఎం వాళ్లను అడగాలండీ. మేం ప్రొటెస్టెంట్లం’ అన్నాడు.

ఆర్‌సీఎం అంటే రోమన్ క్యాథలిక్కులని ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కానిది పెద్ద విషయమై ఉంటుందని అందరూ తలూపారు. అబద్ధం ఆడకుండా ఇంత పెద్ద అబద్ధాన్ని మోసిన సంఘపెద్ద ఇంకొకడు ఉండడు.

పెద్దకాపు మాత్రం తలూపలేదు. ఇదేమీ శుక్రవారం వింత కాదు, దండం బొమ్మ పెట్టి వదిలేయడానికి. ఇక్కడ నా మాట మీద నూరిళ్ల పొయ్యిలు ఉన్నాయి. రేపు ఎవరైనా వచ్చి ఈయన గూడూరు నిమ్మకాయల రమణయ్య అంటే, దురాయి ఉత్తుత్తిగా తీశారని, ఆ తర్వాత ఏ పడవ తిరగబడ్డా అందుకేనని అంటారు. ‘పెద్దాయనా, ఒక్క మాట’ అని పెంచలయ్యను బోర్లించిన పడవ చాటుకు తీసుకుపోయాను.

‘అయ్యా, నేను రోమ్ వాణ్ణి కాను. రోమ్ చూడలేదు. నిమ్మకాయల వ్యాపారిని. అది ఆడబిడ్డ కూడా కాదు, జాడీ. నా నోరు మంచిది కాదు’ అన్నాను.

పెంచలయ్య సముద్రం వైపు చూశాడు. ‘నువ్వు నిమ్మకాయల మనిషివని, మీరిద్దరూ ఆటో మాట్లాడతా ఉండగానే మస్తాని ఫోన్ చేసి చెప్పింది. బస్సులో కాయ నొక్కినావంట గదా.’

నేను వేళ్లు వాసన చూసుకున్నాను. నిమ్మ వాసన ఇంకా ఉంది.

‘అది కుండని నాకు తెలవదా అయ్యా? ఆ రోజు ఒడ్డుకి తెచ్చినప్పుడు ఆడోళ్లందరూ ఏడస్తా ఉండారు, అమ్మ అమ్మ అని. కుర్రోళ్లేమో పగలగొట్టి లోపల బంగారం చూస్తామన్నారు. ఆడబిడ్డ అన్నాను, గమ్మునయినారు. పగలకుండా ఉండాది. కానీ ఆడబిడ్డ అంటే దురాయి వెయ్యాల గదా. వేసినాను. వేసినోణ్ణి నేనే, తీసేది కూడా నేనే అయితే రేపు నా మాట ఎవురు ఇంటారు? ఎవరో ఒకరు రావాల. ఎవురూ రాలా. ఇప్పుడు నువ్వు వచ్చినావు. నువ్వు నిజం చెప్పుకోవాలంటే రేపు గూడూరుకి పోయి చెప్పుకో. మా పడవలు ఒడ్డున ఉండగా చెప్పబాక.’

‘నాకు పిలవడం రాదయ్యా’ అన్నాను.

‘నీకా? నోరు రాదా?’ అన్నాడు. ఆ రోజు అతను నవ్వింది అప్పుడే, అదీ పడవ చాటున.

పిలుపు అంటే ఏమిటో ఈ దారిన వచ్చేవాళ్లకు చెబుతాను. అలిగిన ఆడబిడ్డ ఎదురుగా ఆమె తరపు మనిషి కింద కూర్చోవాలి. ఆమె మాట్లాడదు. ఆమె బదులు ఊరి ఆడవాళ్లు మాట్లాడతారు. వాళ్ల కోపం తీరాలి. ఇసుక మీద మోకాళ్లు ముడిచి కూర్చోవడానికి నాకే కాస్త సేపు పట్టింది. జాడీ పక్కన పళ్లు లేని అవ్వ కూర్చుంది, మస్తానమ్మ వెనకాల నిలబడింది.

‘ఎవురు నువ్వు?’ అంది అవ్వ, జాడీ తరపున.

‘మీ అన్ననమ్మా. రోమ్ నుంచి వచ్చాను.’

‘నేను ఇల్లు వదిలి ఎన్నాళ్లయిందో ఎరికనా?’

ఇక్కడ నేను చరిత్రకు ద్రోహం చేయలేకపోయాను. ‘రెండు వేల ఏళ్లు’ అన్నాను.

ఆడవాళ్లలో ఒక్కసారిగా గోల లేచింది. ‘రెండు వేల ఏళ్లా! చెల్లెలు బతికిందో చచ్చిందో చూసే పన్లేదా? పండక్కి పిలవలా, పబ్బానికి పిలవలా! సిగ్గుండాదా రోమోళ్లకి?’

‘దారి దూరమమ్మా’ అన్నాను.

‘దూరమంట! మా చెల్లెలి మొగుడు మస్కట్లో ఉండి రెండేళ్లకోసారి వస్తా ఉండాడు. చేతిలో చీర కూడా లేదే నీకు?’

మస్తానమ్మ తన తట్టలోంచి పసుపు చీర తీసి వెనక నుంచి నా చేతిలో పెట్టింది. ఊరంతా చూస్తుండగానే పెట్టింది, ఎవరూ చూడలేదు. చీర ముందుంచాను. అవ్వ అంచు తిప్పి చూసి, ‘నెల్లూరు చీర’ అంది. ‘రోమ్ చీర ఏదీ?’

దిక్కు తోచక నిజమే చెప్పాను. ‘అమ్మా, మా రోమ్ పడిపోయింది. ఉత్తరాది నుంచి శత్రువులు వచ్చి ఊరు దోచుకున్నారు. రాజులు పోయారు, ఓడలు పోయాయి, మేడలు కూలిపోయాయి. చీర కొనే స్థితి మాకు లేకపోయింది.’

‘పొలాలు?’ అంది ఒకామె.

‘అవీ పోయాయి.’

‘అయ్యో’ అంది ఆమె. ఇంకెవరో ముక్కు చీదారు. ‘ఆస్తులు పోయినోడు ఏ మొహం పెట్టుకోని చెల్లెల్ని చూడబోతాడు? నిజమే గదా’ అని వెనక నుంచి ఎవరో సమర్థించారు. రోమ్ సామ్రాజ్యం పడిపోయినందుకు ప్రపంచంలో ఇంత మనసారా బాధపడ్డ ఊరు మరొకటి ఉండదని నా నమ్మకం. నాక్కూడా ధారగా కన్నీళ్లు వచ్చాయి. పక్కనే ఎండుతున్న నెత్తళ్ల చేపల ఘాటు కొంత సాయం చేసింది.

‘అయితే ఇప్పుడు తీసకపోయి ఏం పెడతావు?’ అంది అవ్వ, గొంతు తగ్గించి.

‘ఉన్నదే పెడతాను. నిమ్మకాయ పులిహోర పెడతాను’ అన్నాను. ఆ పిలుపులో ఏ పుస్తకం సాయం లేకుండా నేను చెప్పిన నిజం అదొక్కటే.

ఇక ఆమె ఒప్పుకోవాలి. జాడీ రెండు పిడులకూ పూలు పెట్టారు. కుడివైపు పువ్వు రాలితే వస్తానన్నట్టు, ఎడమవైపుదైతే రానన్నట్టు. మధ్యాహ్నం సముద్రపు గాలి హోరున వీచింది. ఎడమ పువ్వు గిలగిల్లాడింది.

‘అమ్మ మొహాన ఎండ కొడతా ఉండాది. ఇట్ట తిప్పండి’ అన్నాడు పెంచలయ్య చాలా భక్తిగా.

సుబ్బయ్యా మరొకడూ జాడీని ఎత్తి, అర చుట్టు తిప్పి మళ్లీ ఇసుకలో గుచ్చారు. మొహం లేని జాడీకి మొహం ఎటుందో వాళ్లకు బాగా తెలుసు. ఇప్పుడు గాలి కుడిపక్క తగిలింది. పువ్వు రాలడమేమిటి, ఎగిరి పోయి ట్రాక్టరు మీద పడింది.

పెంచలయ్య తువ్వాలు తీసి గాలిలో ఊపాడు. ‘దురాయి తీసినాను!’

ఆ తర్వాత నన్ను ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి మూడు దాటింది. సాయంత్రానికి వల వేసి తెల్లారి తీసుకోవచ్చని కేకలు మొదలయ్యాయి. ట్రాక్టరు దగ్గి, పొగ కక్కి, కదిలింది. పడవలు ఒక్కొక్కటే ఇసుక మీద జారాయి. ఐసు కోసం ఒకడు మోటారు సైకిలు మీద పోయాడు. మస్తానమ్మ చీర ఎగ్గట్టి వల మోస్తూ మొగుణ్ణి తిడుతోంది. ‘ఈసారి కుండలు గాదు, చేపలు తీసకరా! మళ్లా ఎవురి చెల్లెల్నయినా ఎక్కించుకోనొచ్చావో, నువ్వు కూడా ఆమెతోనే పోతావు!’

పెంచలయ్య జాడీని గోనెపట్టాలో చుట్టించి, పైన ఆ పసుపు చీరే కప్పించి, వెంట సారెగా ఒక సంచి ఎండుచేపలు, అరటిపళ్లు పెట్టించాడు. నేను ఇంకో నిజం కూడా చెప్పేశాను. ఇలాంటి పాతవి ఇంట్లో ఉంచుకోకూడదు, సోమవారం ప్రభుత్వానికి అప్పగించాలి, వాళ్లు అద్దాల పెట్టెలో పెడతారు అని.

‘గవర్నమెంటోళ్ల ఇంటికి ఇస్తా ఉండావా?’ అన్నాడు పెంచలయ్య. చీర అంచు సర్దాడు. ‘మంచి సంబంధమే.’

రోడ్డు మీదికి వచ్చేసరికి అయిదు గంటల బస్సు సిద్ధంగా ఉంది. జాకబ్ కాళ్ల దిక్కు, నేను పిడుల దిక్కు పట్టుకుని ఆమెను ఎక్కించి, ఇద్దరి మధ్యా సీట్లో కూర్చోబెట్టాం. కండక్టరు కుర్రవాడు వచ్చాడు.

‘లగేజీ టిక్కెట్టు తీసుకోవాల తాతా.’

వెనక సీట్లో పక్క పాళెం ఆడవాళ్లు ఉన్నారు. కబురు అప్పటికే వాళ్లకు చేరింది. ‘ఆడమనిషిని పట్టుకోని లగేజీ అంటావేందయ్యా?’ అంది ఒకామె.

‘ఆడమనిషైతే ఉచితమే అక్కా. ఆధార్ కార్డు చూపించమను.’

‘రోమ్‌లో ఇస్తారా ఆధార్?’

‘ఈ రాష్ట్రం ఆడోళ్లకే ఉచితం. పై రాష్ట్రమోళ్లకి లేదు.’

‘రెండు వేల ఏళ్ల నుంచి మన సముద్రంలోనే ఉండాది. ఇంకా పై రాష్ట్రమేంది? నువ్వు పుట్టకముందే వచ్చిందయ్యా ఈ రాష్ట్రానికి!’

కండక్టరు నన్ను చూశాడు, చీరను చూశాడు, వెనక సీట్లను చూశాడు. ఉద్యోగంలో చేరి ఎక్కువ రోజులైనట్టు లేదు. మిషను నొక్కి ఒక సున్నా టిక్కెట్టు చింపి, నా చేతికి ఇవ్వకుండా ఆమె ఒళ్లో పెట్టాడు. ‘ఎవురికీ చెప్పబాకండి’ అన్నాడు. అందుకే అతని పేరు రాయడం లేదు.

బస్సు కదిలింది. ఊరు ఊరంతా ఆ రోడ్డు దాకా వచ్చి, కన్నీళ్లతో మమ్మల్ని సాగనంపింది. పెద్దకాపు నన్ను కౌగిలించుకున్నాడు. మస్తానమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

లేదు. ఒక్కరూ రాలేదు. ఆటోవాడు కూడా మమ్మల్ని దించి, ఒడ్డుకు వెనక్కి పరుగు తీశాడు. సరుగుడు తోపు పలచబడిన చోట బస్సు కిటికీలోంచి కాసేపు ఆ ఇసుక కనబడింది. ఒడ్డున నూరు మంది వీపులు. ఆ వీపులకు అవతల ఒకటి వెనక ఒకటిగా పడవలు అలల మీద ఎగిరి పడుతూ లోపలికి పోతున్నాయి.

‘నీ కోసం ఒక్కరైనా తల తిప్పలేదే రమణయ్యా’ అన్నాడు జాకబ్.

‘ఇటు తిప్పారంటే ఏదో పడవ తిరగబడ్డట్టే, భయపడాలయ్యా. అటే చూడనీ’ అన్నాను.